మాలేసిన ఇంట్ల గుడ్డు

"స్వామీ, అగ్గిపుల్ల గీయకుండ్రి!"

కోడలు రోజారాణి అరుపుకు బతుకమ్మ ఉలిక్కిపడ్డది. హరిప్రసాద్ అయ్యప్ప మాలల ఉన్నడు. కన్నతల్లి అయ్యుండి తనే స్వామీ అని మెత్తగ పిలుస్తుంటే, పెళ్లాం గిట్ల కసురుడేంది!

అడవిల ఒక్క చెట్టు కరెంటు తీగల మీద కూలితే సారపాకల రాత్రంతా చీకటే. అందుకే కొత్త ఇన్వర్టర్ కొన్నడు. బ్యాటరీ హాల్లో కనబడితే అందం చెడుతదని దేవుని గూడు కింద చెక్క అల్మారాలో పెట్టి తలుపు బిగించిండు. శనివారం మంచిదని ఇయ్యాల పూజ. పసుపు, బొట్టు, బంతిపూల దండ అయినయ్. ఇగ హారతే తరువాయి.

"కుళ్లిన గుడ్డు వాసనొస్తున్నది. బ్యాటరీదే. గట్ల వాసనొస్తే అగ్గి చూపొద్దు, పేలుతదని దాంతోని వచ్చిన కాయితంల రాసున్నది స్వామీ!"

"మిల్లుల పదేండ్ల సంది కరెంటు పని చేస్తున్న. నాకు చెప్తవా, మాతా?" అన్నడు హరిప్రసాద్. మెడల మాల ఉంది కాబట్టి మాతా అన్నడు గానీ, లేకుంటే ఏమనేటోడో!

"శుభమా అని పూజ చేస్తుంటే పేలుతదంటవేందే? నోరు ముయ్యి!" బతుకమ్మ కసిరింది.

హరిప్రసాద్ అల్మారా తెరిచిండు. వాసన గుప్పుమన్నది. పుల్ల తీసి పెట్టెకు ఆనిచ్చిండు.

రోజారాణి దబ్బున అత్త కాళ్ల మీద పడ్డది.

"తప్పయింది అత్తమ్మా! పొద్దున పిల్లకు గుడ్డు ఉడకబెట్టిన."

బతుకమ్మ నెత్తి కొట్టుకున్నది. మాలేసిన ఇంట్ల గుడ్డా!

"ఓసి పాపిష్టిదానా! చేసింది చేసి బ్యాటరీ మీద పెడుతున్నవా? స్వామీ, బయటికి నడువు! ఈ మైల ఇంట్ల ఒక్క చణం ఉండకు!"

"స్వామియే శరణమయ్యప్పా!" అగ్గిపెట్టె అక్కడ్నే పడేసి హరిప్రసాద్ ఒక్క ఉరుకున వాకిట్ల పడ్డడు. పోయి బోరింగు కింద తానానికి కూసున్నడు.

రోజారాణి కిటికీలన్నీ బార్లా తెరిచింది. పసుపునీళ్లు తెమ్మంటే తేకుండ, వరండాల మెయిన్ స్విచ్ బంద్ చేసి ఎవరికో ఫోన్ కొట్టింది.

"పుట్టింటికి చెప్పుకుంటున్నవా? చెప్పు, వాళ్లకూ తెల్వాలె నీ సంగతి!" బతుకమ్మ నోరు ఆగలేదు. పిల్ల ముందే తిట్టింది.

కోడలి ఫోన్ అందుకొని భద్రాచలం నుంచి వంతెన దాటి మెకానిక్ జగదీష్ వచ్చిండు. అల్మారాలకు తొంగిచూసి రెండడుగులు ఎనక్కేసిండు. బ్యాటరీ కడుపుబ్బి ఉన్నది, సెగ కొడుతున్నది.

"చార్జింగ్ ఎక్కువై లోపల మరుగుతున్నదన్నా. దీని గ్యాసు మొత్తం అల్మారాలనే నిండింది. పుల్ల గీసుంటే పేలి, ఆసిడ్ మొహం మీదనే పడుతుండె."

హరిప్రసాద్ తడిబట్టలతోనే వచ్చి కిటికీల నుంచి తొంగిచూసిండు. బతుకమ్మ గడప మీద కూలబడ్డది.

"ఆ గుడ్డే కాపాడింది నా కొడుకును. ఎన్ని మాటలంటిని తల్లీ నిన్ను! పోనీలే, మిగిలిన గుడ్లేమన్నుంటే తీసి బయట పెట్టు."

రోజారాణి చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

"మాలేసిన నాటి సంది మనింట్ల గుడ్డెక్కడిది అత్తమ్మా? పేలుతదంటే మీ కొడుకు కదలలే, గుడ్డంటే ఉరికిండు."