విత్తనాలతో దాచిన వీడియో

"పెన్‌డ్రైవ్‌ని పొయ్యి మీద ఉట్టిలో పెట్టావా అత్తా! వేడికి పాడైపోద్ది!" మాధవి తల పట్టుకుంది.

"సోళ్ల విత్తనం ఆడే కదే యేలాడగడతాం? పొగ తగిల్తే పురుగు పట్టదు," అంది దేముడమ్మ.

"దీనికి పురుగెక్కడ పడుతుందే తల్లీ, ఇదేమన్నా రాగులా!"

మాధవిది డుంబ్రిగుడలో నెట్ సెంటరు. మసి తుడిచి పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్‌కి పెట్టింది. బతికే ఉంది.

"వీడియో ఆడించి చూద్దామా?"

"వద్దమ్మా. నాను మళ్లీ సూడనేను."

రక్తం చూడలేకపోతోంది కాబోలు అనుకుంది మాధవి.

సంత నాడు ఊరి మలుపులో ఒక జీపు పైడయ్యను గుద్ది ఆగకుండా పోయింది. ఆస్పత్రిలో అతని కాలు తీసేశారు. తాగి గట్టు మీంచి పడ్డాడని స్టేషన్లో రాసుకున్నారు. కాదని చెప్పడానికి దేముడమ్మ ఫోనులోని వీడియో ఒక్కటే సాక్ష్యం.

"అసలు ఆ టైములో నువ్వు వీడియో ఏం తీస్తున్నావు?"

"వలిసెలు పూసినాయి కదా, నా గుంటడికి పంపుదామని. పోను కొనిచ్చి నేర్పిన కొడుకు కదా. అంతలో జీపు..."

ఆ వీడియో అప్పటికే వాట్సాప్‌లో ఊళ్లన్నీ తిరిగింది. అందులో జీపు తెలుస్తోంది గానీ నంబరూ, తోలినవాడి ముఖమూ మసకే.

"వాట్సాప్ పంపేటప్పుడు నలిపేస్తుంది అత్తా. నీ ఫోనులో ఉన్నదే అసలుది. తారీఖు, టైము కూడా దాన్లోనే ఉంటాయి. కత్తిరించకు, పేరు మార్చకు. అది పోతే పైడయ్య మామ కేసు పోయినట్టే."

"ఎలా పోద్ది? విత్తనం ఒక్క కొంపలో ఉంచుతామేటి? పోను నా రొండిన ఉంటాది. ఇది ఉట్టిలో. ఇంకోటి సోములమ్మ ఇంట, సొరబుర్రలో, సోళ్ల నడుమ."

మాధవి నవ్వింది. కంప్యూటర్ కోర్సులో సారు చెప్పిందీ ఇదే. కాకపోతే ఆయన సోళ్ల ఊసెత్తలేదు.

ఫోను మోగింది. దేముడమ్మ చూసి కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది.

"ఎవరు?"

"ఈడియో తీసెయ్యమనీవోడు."

"జీపు వాళ్లా! బెదిరిస్తున్నారా?"

"నేదమ్మా. ఏడుత్తన్నాడు."

"ఏడవనీ! నువ్వు లొంగకు అత్తా."

"లొంగేదాన్నయితే బుర్రలో ఎందుకు దాత్తాను?"

ఈ కొండల్లో ఇంత గట్టి మనిషిని చూడలేదనిపించింది మాధవికి.

మర్నాడు ఇద్దరూ స్టేషన్‌కు వెళ్లారు. బయట బల్ల మీద పైడయ్య కూర్చున్నాడు, చంకకర్రలు పక్కన పెట్టుకుని. దేముడమ్మ అతని కేసి తలెత్తి చూడలేక లోపలికి నడిచింది.

ఎస్సై ఆమె నడుము దగ్గర్నుంచి తీసిచ్చిన ఫోనులోని అసలు వీడియోను పెద్ద తెర మీద పెట్టించాడు. మలుపు దగ్గర ఆపి, జీపు అద్దాన్ని పెంచుకుంటూ పోయాడు. పచ్చటి వలిసె పూల వెనక ఒక కుర్ర ముఖం తేటపడింది.

"ఇంత జాగ్రత్తగా సాక్ష్యం దాచినవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ లేరమ్మా," అన్నాడు ఎస్సై. "ఇతనెవరో తెలుసా? భయపడకుండా చెప్పు."

మాధవి ధైర్యమిస్తూ ఆమె భుజం మీద చెయ్యేసింది.

దేముడమ్మ తెర వైపు తిరగలేదు. రొండిన ఖాళీగా ఉన్న చోటు తడుముకుంది.

"నా గుంటడే బాబూ."