ముందు నడిచే మేక

"ఈ గేమ్ ఇంజిన్ చేసిన మహానుభావులకు దండేసి దండం పెట్టాల నాయనా! మూడు దినాలుగా నా గొర్రెలు దొడ్డికి పోకుండా గుండ్రంగా తిరుగుతాండాయి," అంది ఈశ్వరి. ఆ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాను తయారుచేస్తున్న గొర్రెల గేమును సాయంత్రంలోగా పోటీకి పంపాలి.

గొర్రెలు కాసే తండ్రి చౌడప్ప ఆమె ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు. "వాటికేం చెప్పినావు?"

"పక్క గొర్రె ఎనకాల పొమ్మన్నా."

"అన్నీ గొర్రెలేనా? మేక యాడ?"

"ఓహో, ఇంజినీరు సారు వచ్చినారు!"

"మన మందలో రెండు మేకల్ని ఊరికే మేపుతాండానా? ముందు మేక నడిస్తేనే గదమ్మా, గొర్రెలు దారిన పడేది."

ఈశ్వరి గేములో దొడ్డి దారి తెలిసిన మేకనొకదాన్ని చేర్చింది. మంద దాని వెనకే బుద్ధిగా దొడ్డికి చేరింది.

"ఇంజిన్ బాగైందా?"

"అది మొదట్నుంచీ బాగానే ఉండాది నాయనా," అంటూ, ఇంజిన్ వాళ్లకు రాసిపెట్టుకున్న తిట్ల ఉత్తరాన్ని చెరిపేసింది.