ఏడో గ్లాసు

“పోరగాండ్లు ఆరుగురే ఉన్నరు. గిలాసలు ఏడున్నయేంది టీచరమ్మా?”

గడప మీద ఒక కాలు, వాకిట్లో ఒక కాలు పెట్టి అడిగాడు జమేదారు బుచ్చిరాములు. తల నెరిసిన మనిషి. చేతిలో లాఠీ. వెనక వీధిలో పోలీసు జీపు ఆగి ఉంది. ఇంటింటి తలుపూ తడుతున్న చప్పుడు దగ్గరపడుతోంది.

ఆనందమ్మ చేతిలోని చెంచా పెరుగు గిన్నెలోకి జారిపోయింది.

“ఏడోది నాకే, జమేదార్ సాబ్.”

లోపలి అర్రలో, వడ్ల గుమ్మి వెనక, గొంగడి కప్పుకొని ఇరవై ఏళ్లవాడొకడు వణుకుతున్నాడు. మొన్న పొద్దున అడవిలోంచి చలిజ్వరంతో వచ్చి ఆమె దొడ్లో పడిపోయాడు. పేరు ప్రభాకర్ అన్నాడు. అసలు పేరు అదో కాదో ఆమె అడగలేదు. దొరికితే ఠాణా దాకా కూడా ప్రాణంతో పోడని మాత్రం ఆమెకు తెలుసు.

చర్చి అయ్యాక పిల్లలు ఆమె ఇంటికి రావడం ప్రతి ఆదివారం ఉన్నదే. ఈ ఒక్క వారం వద్దంటే వాడకట్టంతా ఎందుకని అడుగుతుంది. పైగా పొయ్యి వెలిగించకుండా, చక్కెర ముట్టకుండా తీపి చేయడం నేర్పిస్తానని మాట ఇచ్చింది. అందుకే రానిచ్చింది.

జమేదారు లోపలికి వచ్చి, పిల్లల మధ్య గొంతుకూర్చున్నాడు. “గిదేం తీపి రా?”

“అడుగున జొన్న పేలాలు తాతా,” అన్నాడు మోషే, పెద్దమనిషిలా. “దాని మీద గడ్డపెరుగు. దాని మీద సీతాఫలం, బెల్లం తురుము. మల్ల పేలాలు, మల్ల పెరుగు. ఆఖరుకు దంచిన పల్లీలు. కలపొద్దు. పొరలు బయటికి కనబడాలె.”

“సీతాఫలం గింజలు తీసేటాల్లకు వేళ్లు నొచ్చినయి,” అంది ఆరేళ్ల ముత్యం. ఆ పిల్ల చెంపల మీద సగం గుజ్జు అట్లాగే ఉంది.

జమేదారు ఒక్కొక్క గ్లాసే తిప్పి చూశాడు. ఏడో గ్లాసు దగ్గర చెయ్యి ఆగింది.

“దీని మీద పల్లీలు లేవేంది?”

“అయిపోయినయి,” అంది ఆనందమ్మ.

ఆయన పక్కనున్న పళ్లెం వైపు చూశాడు. అందులో ఇంకా రెండు గుప్పిళ్ల పల్లీలు ఉన్నాయి.

“అయిపోలే తాతా,” అంది ముత్యం. “టీచరే అందుల వెయ్యొద్దన్నది. తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తయట.”

“ఎవలకు?”

ముత్యం టీచరు మొహంలోకి చూసింది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు.

“నాకే,” అంది ఆనందమ్మ.

“అబద్ధం,” అని మోషే పడీపడీ నవ్వాడు. “ఒలుసుకుంట సగం పల్లీలు నువ్వే తింటివి గద టీచర్.”

పిల్లలంతా నవ్వారు. ఆనందమ్మ ఒళ్లో ఇంకా పల్లీ పొట్టు ఉంది. దాన్ని దులపడానికి కూడా చేతులు రాలేదు. జమేదారు నవ్వలేదు. ఏడో గ్లాసు చేతిలోకి తీసుకొని, లోపలి అర్రకు వేలాడుతున్న పరదా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

బూట్ల చప్పుడు. ఎస్సై వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

“ఏం జమేదార్, దావత్‌ల కూసున్నవా? లోపల చూసినవా?”

ఎస్సై అడుగుతూనే పరదా వైపు రెండడుగులు వేశాడు. ఆనందమ్మ కళ్లు మూసుకుంది.

“చూసిన సార్,” అన్నాడు జమేదారు లేచి. “వడ్ల గుమ్మి ఒకటి, రెండు పెట్టెలు. ఎవ్వలు లేరు.”

ఆమె కళ్లు తెరిచింది. ఆయన ఆ పరదా దాకా కూడా పోలేదు. పరదా పక్క నుంచి గుమ్మి అంచు మాత్రం కనబడుతుంది.

“తాతా, నువ్వు లోపలికి...” అని ముత్యం మొదలుపెట్టింది. ఆనందమ్మ గబుక్కున చెంచాడు సీతాఫలం ఆ పిల్ల నోట్లో పెట్టింది.

ఎస్సై ఆగాడు. గ్లాసు వైపు చూశాడు. “అన్నిట్ల పల్లీలున్నయి, గదొక్కటి వేరుగున్నది. ఎవలది?”

“నాదే సార్. పల్లీలు నాకు పడవు. టీచరమ్మను అడిగి వేరుగ పెట్టిచ్చుకున్న.”

ఎస్సై ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆనందమ్మనీ చూశాడు. పిల్లల వైపు చూశాడు. ముత్యం నోటినిండా గుజ్జుతో ఆయన్ని చూస్తూ నములుతోంది.

“జల్ది తిని రా. ఇంకా పది ఇండ్లున్నయి,” అని వెనుదిరిగాడు.

బూట్ల చప్పుడు పక్కింటి వాకిట్లోకి పోయేదాకా ఎవరూ కదల్లేదు. జమేదారు గ్లాసులోది తినకుండానే కింద పెట్టాడు. పళ్లెంలోని పల్లీలు గుప్పెడు తీసుకొని నోట్లో వేసుకున్నాడు. నింపాదిగా నమిలాడు. ఆనందమ్మ ఆ నోటి వైపే చూస్తూ ఉండిపోయింది.

“మీకు పడవంటిరి గద?”

ఆయన టోపీ సర్దుకున్నాడు. గడప దాటబోయి ఆగి, వెనక్కి వచ్చి, ఏడో గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు తగ్గించాడు.

“గిది లోపల మావోనికి తినిపియ్యి అమ్మా. బాపు వచ్చిపోయిండని మాత్రం చెప్పకు.”