ప్రార్థన చేద్దామా?

సంఘస్థులారా, బిడ్డల్ని బాధపెట్టినవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడేయాలని బైబిలు వాక్యం వల్లించే మీరు, ఆ బిడ్డే నోరు విప్పితే వింటారా?

హాస్టల్ గదిలో ఒక పాపను విలేకరి గొంతు తగ్గించి అడిగింది. "ఇక్కడ కొడతారా, తల్లీ?"

పాప తలుపు వైపే చూస్తూ, "లేదక్కా, ప్రార్థన చేయిస్తారంతే," అంది.

విలేకరి ప్రాణం కుదుటపడింది. "అయితే నేను వెళ్లేముందు మనిద్దరం ప్రార్థన చేద్దామా, బంగారం?"

పాప ముఖం పాలిపోయింది. తనే లేచి గడియ పెట్టింది. గోడవైపు తిరిగి, అరచేతులు వెనక్కి చాచింది. వాటి నిండా వాతలు.

"మెల్లగా చేయక్కా. నిన్నటి ప్రార్థన ఇంకా మానలేదు."

ఆ విలేకరి ఇప్పుడు మన మందిరం గుమ్మంలో నిలబడింది. ఆ హాస్టల్ మన సంఘానిదే. అక్కడ సాయంత్రం ప్రార్థనకు గంట మోగుతోంది, వినండి. మోకాళ్ల మీంచి లేవండి! ఆ గడియ ఈరోజే, ఇప్పుడే విరగ్గొడదాం రండి!