ఊపిరికి విడిచిన చోటు

"నా పాఠాల్లో ఖాళీలు ఏమయ్యాయి బాబూ?"

పిల్లల పాఠాల వెబ్‌సైటు మేనేజరు తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక వృద్ధురాలు, కళ్ళకు దళసరి అద్దాలు.

"ఖాళీ కూడా పోతుందా మామ్మగారూ? లేనిదాన్ని ఎవరెత్తుకుపోతారు?"

గదిలో ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మాట తడబడే పిల్లల కోసం రాసిన పాఠాలవి. ఊపిరి తీసుకోవలసిన ప్రతిచోటా కాస్త జాగా విడిచాను. ఇప్పుడు మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పిల్లలు మధ్యలో ఊపిరందక ఏడుస్తున్నారని తల్లులు ఫోన్లు చేస్తున్నారు."

"అన్నీ కొత్త డేటాబేసులోకి మార్చామండీ. అదనపు ఖాళీలు కనిపిస్తే ప్రోగ్రామే తీసేస్తుంది. పేజీ శుభ్రంగా ఉండాలి కదా!"

"శుభ్రమా! రాసింది రాసినట్టే దాస్తామని మీవాళ్ళు మాటిచ్చారు. ఆ మాట నమ్మి, నా కాగితాలకు చెదపట్టినా పట్టించుకోలేదు. ఇప్పుడు చూపు ఆనదు, మళ్ళీ రాయలేను. అసలు ప్రతి ఉందా, లేదా? అదొక్కటి చెప్పు."

"భద్రంగా ఉందండీ. వారంలో మునుపటిలా పెట్టిస్తాను. నిశ్చింతగా వెళ్ళిరండి."

ఆ అబద్ధం ఎక్కడా తొట్రుపడలేదు.

ఆమె చేతులు జోడించింది. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ప్రోగ్రామరు అమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"అసలు ప్రతి ఎక్కడుంది సార్? రాసింది రాసినట్టు ఉంచుదాం, తెరమీద చూపేటప్పుడే సర్దుదాం అని మొత్తుకున్నాను. రెండు ప్రతులెందుకు, పాతది తుడిచెయ్యమన్నది మీరే!"

"పోనీలేమ్మా. నాలుగు రోజులు తిరిగి ఆవిడే ఊరుకుంటుంది."

ఆ వృద్ధురాలు తిరగలేదు. వారం గడిచాక ఫోను చేసింది, అతడు ఎత్తలేదు. మర్నాడు కబురు మాత్రం పంపింది: ఆ పాఠాల కింద తన పేరు ఉంచవద్దని.

ఆ సాయంత్రం ఇంట్లో అతడు ఈ ముచ్చటంతా వేళాకోళంగా చెప్పాడు.

"ఎవరురా ఆవిడ?" అంది తల్లి.

పేరు చెప్పాడు.

తల్లి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరిని మోసం చేశావో తెలుసట్రా? నీకింకా ఊహ తెలియని వయసులో, మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసి నువ్వు వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊపిరి తీసుకోవడం నేర్పి, నీ నోట 'అమ్మా' అన్న పిలుపు నాకు మొదటిసారి తడబాటు లేకుండా వినిపించేలా చేసింది ఆవిడేరా!"