రాగిరేకు

"ఈరోజు గనక దారాలు సక్రమంగా పడకపోతే నీ చదువు ఇంతటితో సరి! మూట సర్దుకో!"

ప్రొఫెసర్ యోగానంద అరుపుకు ల్యాబు గుమ్మంలో కూర్చున్న సిద్ధమ్మ అన్నం క్యారియర్‌ను ఒళ్ళోకి లాక్కుంది. ఆమె కూతురు నందిని తల వంచుకుంది. ఆయన ప్రయోగం చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చే ఆఫీసరుకు ఎదురెళ్ళాడు.

"అది నోరా, మోరీనా?" అంది సిద్ధమ్మ.

"ఉష్, వింటాడు మా. నాలుగేండ్లుగా ఇదే తంతు."

"ఇంతకీ నువ్వు చెయ్యాల్సిందేందే?"

"ఈ సూదిలోంచి ప్లాస్టిక్ దారం వస్తాది, కరెంటు దాన్ని కింది లోహం మీదికి లాగుతాది. వెంట్రుక కంటే వందింతలు సన్నం. ఈ పళ్ళెం మీద పరిచిన కాగితంపైన అది ఒక ఆకారంలో పడాల. ఎంత చేసినా చిక్కుపడతా ఉండాది."

"ఇంట్లో బూజు దులపమంటే ఒళ్ళు వంగదు. ఈడికొచ్చి నాలుగేండ్లుగా బూజు పట్టిస్తా ఉండావా?"

మిషన్ మీద పుర్రె బొమ్మ, దాని కింద 'ఇరవై వేల వోల్టులు'. సిద్ధమ్మ కళ్ళకు కూతురు అప్పుడే మాడి మసైపోయినట్టు కనబడింది. నందిని సూదిలో పోసే మందు కలపడానికి పక్కగదిలోకి పోగానే, కొంగుముడి విప్పి రాగిరేకు తీసి కాగితం కింద దోపింది. పుత్తూరు స్వామి పేరు అడిగి మరీ, ఒక్కొక్క అక్షరం ఉబ్బేలా మేకుతో కొట్టి ఇచ్చిన రేకు.

ఆఫీసరు వచ్చాడు. మిషన్ అరగంట గుయ్యిమంది. పళ్ళెం మీద తెల్లటి నూగు లేచింది. ఈసారి చిక్కు లేదు! గీతలు, వంపులు, సున్నాలు, వరుసగా.

నందిని నోరు తెరిచింది. "సార్, ఇది ఎట్లా..."

"నువ్వుండు!" యోగానంద ఆమెను పక్కకు నెట్టాడు. "ఇది పూర్తిగా నా ఐడియా సార్. ఈ పిల్ల స్విచ్చి వేసిందంతే."

"తెలుగు అక్షరాల్లా ఉన్నాయే! మీరే రాయించారా?" అన్నాడు ఆఫీసరు.

"నేనే సార్! ప్రతి అక్షరమూ నా బుర్రలో పుట్టిందే! మీరే చదవండి, గట్టిగా. అందరూ వినాలి!"

సిద్ధమ్మ క్యారియర్ కూడా మరిచి మెట్లవైపు నడిచింది.

ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని, కాగితాన్ని వెలుతురుకు ఎత్తి, కూడబలుక్కుంటూ చదివాడు.

"యో...గా...నంద నోరు పడిపోవాల."