సైనిక్‌పురి మాస్టారు

“అన్నా, జెర ఏమనుకోకు. నా వీడియో గేము సెట్టు బాగుచెయ్యనీకి సైనిక్‌పురి సార్‌కి ఇచ్చిన,” అన్నాడు ఎదురు ఫ్లాటు సాయి, మెట్ల మీద ఎదురుపడి.

రాజబాబు గుండెలో ముల్లు దిగింది. చేతిలో కూరల సంచీ ఉంది గనక సరిపోయింది గాని, లేకపోతే ఆ చెయ్యి ఏం చేసేదో!

“ఎదురుగుమ్మంలో నేనుండగా సైనిక్‌పురి దాకా పోయావా?”

“మా సాఫ్ట్‌వేరోళ్ళవి అన్నీ ఆడికే పోతున్నయన్నా. చచ్చిన గేము సుత లేచి కూసుంటదంట. ఆయన ఎవ్వరికీ కనవడడు. ఇచ్చినమా, తెచ్చుకున్నమా, గంతే. లెక్చర్ గిట్ల ఏం ఉండదు.”

ఆఖరి మాట అనేసి నాలిక కరుచుకున్నాడు సాయి. మరుక్షణం కిందికి ఉరికాడు.

రాజబాబుది విజయనగరం. బ్యాంకులో ఉద్యోగం, తిరుమలగిరిలో కాపురం, పాత వీడియో గేములంటే ప్రాణం. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న డబ్బాలని, జీతాలు పెరిగిన ఐటీ కుర్రాళ్ళు అటకల మీంచి దింపి మళ్ళీ మోజు పడుతున్న రోజులవి. మొదట్లో అందరూ రాజబాబు దగ్గరికే వచ్చేవారు. అతనేమో సెట్టుని ఊరికే బాగుచేసి పంపే రకం కాదు. ముందు మనిషిని బాగుచేసేవాడు.

“క్యాసెట్లో నోటితో ఊదావా? నిజం చెప్పు! ఊదితే తడి తగిలి పిన్నులు చిలుమెక్కుతాయి. రబ్బరుతో రుద్దాలి, స్పిరిట్‌తో తుడవాలి. ఆమాత్రం తెలీదేటి? ఇంజినీరింగు చదివేనంటావు!”

ఇలా మొదలెడితే కాఫీల వేళకి వచ్చినవాడు భోజనాల వేళకి గాని బయటపడేవాడు కాదు. కుర్రాళ్ళకి మంచి అలవాట్లు నేర్పుతున్నానని మురిసిపోయేవాడు మహానుభావుడు. మరి ఏం పోయేకాలం వచ్చిందో, ఏడాదిగా ఒక్కడూ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడతనికి దొరుకుతున్నవల్లా భార్య భానుప్రియ పట్టుకొచ్చే సెట్లే. లాలాగూడలో ఆవిడకో వేలు విడిచిన పిన్ని ఉందిట. ఆ పిన్నికి ఎంతమంది చుట్టాలున్నారో ఏమో, వారం వారం ఆవిడ తాలూకు సంచీ ఒకటి ఇంట్లో దిగుతుంది. చుట్టాల పనాయె! మెచ్చుకునే నాథుడు లేడు, పాఠం చెబుదామంటే ఎదురుగా మనిషీ లేడు. నోరు మూసుకుని చేసి పడేస్తున్నాడు.

లోపలికి వచ్చి కూరల సంచీ దబ్బున పెట్టాడు.

“ఏటయిందండీ?” అంది భానుప్రియ.

“సైనిక్‌పురిలో ఎవడో పెద్ద మాస్టారట. నీకు తెలుసా?”

ఆవిడ ముఖం ఒక్కసారి వెలిగింది. “ఆయనా! చెయ్యి బంగారమండీ. మూడు షాపులవాళ్ళు వల్లకాదన్న సెట్టు ఇట్టే చేసీసారట, మా స్నేహితురాలు దేవిక చెప్పింది. ఎంత ఓపికో!”

“ఎవడో మెకానిక్కు గురించి నువ్వెందుకే అంత మురిసిపోతున్నావు?”

“మంచి పనివాణ్ణి మెచ్చుకుంటే తప్పేటి?”

తప్పేటా! పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన చెయ్యి బంగారమని ఒక్కనాడైనా అందా? అన్నం సయించలేదు రాజబాబుకి. మజ్జిగ దగ్గరికొచ్చేసరికి ఇంకోటి తట్టింది. దేవిక ఇంటికని చెప్పి ప్రతి శనివారం ఈవిడ వెళ్ళేది కూడా సైనిక్‌పురికే! ఇక చూడండి, పీట మీద కూచున్నవాడు కుంపటి మీద కూచున్నట్టయిపోయాడు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

శనివారం భానుప్రియ చీర మార్చుకుని వచ్చేసరికి, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు, వైర్ల చుట్టలు అన్నీ ఒక డబ్బాలో సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి.

“ఇదేటండీ?”

“పాత ఇనుప సామాన్లవాడికి. ఇంక ఈ పని చెయ్యను. మీ పిన్ని తాలూకువి కూడా ఆ బంగారపు చేతికే ఇచ్చుకో.”

భానుప్రియ డబ్బాకి అడ్డం నిలబడింది. “అంత మాటనకండి. మీరు మానీస్తే ఎలాగ?”

“ఏం, ఊరికి ఆయనున్నాడుగా! నడు, నేనూ వస్తాను. ఒక్కసారి ఆయన్ని నాకు చూపించు. నాకంటే మొనగాడైతే దండం పెట్టి, ఈ డబ్బా ఆయన కాళ్ళ దగ్గరే వదిలేసి వస్తాను.”

“కాకపోతే?”

“అది అక్కడ చూసుకుందాం!”

డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్కూటర్ వెనక కూచుంది ఆవిడ. సైనిక్‌పురిలో దేవిక ఇంటి ముందు ఆగేసరికి, దేవిక నవ్వుతూ, వారం వారం వీళ్ళింట్లో దిగేలాంటి సంచీ ఒకటి పట్టుకుని గేటు దాకా వచ్చింది. రాజబాబుని చూడగానే సంచీ వెనక్కి దాచుకుంది.

“దాచకండి! నాకంతా తెలిసిపోయింది. ఆయన ఉండేదెక్కడ?”

దేవిక భానుప్రియ వైపు చూసింది. ఇద్దరూ పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటున్నారు. రాజబాబుకి ఒళ్ళు భగ్గుమంది.

“నాలో లేనిది ఆయనలో ఏటుందే?”

“లేనిది కాదండీ, ఉన్నదానితోనే వచ్చింది చిక్కు. మీకు నోరుంది. సెట్టు ఇద్దామని వచ్చినవాడు మీ చీవాట్లు తిని పారిపోతాడు. ఆయన మాట ఎవరూ వినలేదు, పనే చూసారు. అందుకే అందరికీ దేవుడైపోయారు.”

“ఎవడికీ కనపడనివాడి గురించి నీకెలా తెలుసు? నువ్వు చూసావా?”

“చూసాను.”

“ఎన్నిసార్లు?”

“రోజూ చూస్తున్నాను.”

రాజబాబు స్కూటర్ సీటు మీద చతికిలబడ్డాడు. కోపం కూడా రావడం లేదు, ఏడుపొస్తోంది.

“ఎక్కడే?” అన్నాడు.

భానుప్రియ దగ్గరికొచ్చి, డబ్బా తీసి అతని చేతుల్లో పెట్టింది.

“మీరు గెడ్డం గీసుకునే అద్దంలో.”